కాంటాకు ఎక్కని లెక్కలు

సింగరేణిలో తూకం వేయకుండా కదిలే వస్తువు లేదు. గోదావరిఖని చుట్టుపక్కల గనుల్లోంచి బయటికొచ్చే ప్రతి డంపరుకూ లెక్క ఉంది, ఎన్టీపీసీకి వెళ్లే ప్రతి వ్యాగనుకూ లెక్క ఉంది. ఏ ఏరియా ఈ నెల టార్గెట్‌లో ఎంత శాతం సాధించిందో పత్రికల జిల్లా పేజీల్లో అచ్చవుతుంది. 1889లో ఇల్లెందు ప్రాంతంలో తవ్వకం మొదలైన నాటి నుంచి ఈ కంపెనీ మాట్లాడే భాష టన్నులే.

టన్నుల లెక్క తప్పేమీ కాదు. కాకపోతే అది చెప్పకుండా వదిలేసే సంగతులు చాలా ఉన్నాయి. 1990ల మొదట్లో కంపెనీలో లక్షా పదివేల మందికి పైగా పనిచేసేవారు, ఏడాదికి తీసిన బొగ్గు రెండు కోట్ల టన్నుల లోపు. 2023-24లో బొగ్గు ఏడు కోట్ల టన్నులు దాటింది, ఉద్యోగులు నలభై వేల చిల్లరకు పడిపోయారు. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరగడమే దీనికి ప్రధాన కారణం. టన్నుల పట్టిక ఒక్కటే చూసేవాడికి ఈ ప్రాంతం మూడున్నర రెట్లు బాగుపడినట్టు కనిపిస్తుంది. గోదావరిఖని బజారులో కొట్టు పెట్టుకున్నవాళ్లు ఆ మాట ఒప్పుకోరు.

బొగ్గు దగ్గర నేర్చుకోవలసిన ఈ పాఠం ఇప్పుడు గడ్డి దగ్గర పనికొస్తుంది. అవును, వరిగడ్డి. దాంతోపాటు పత్తి కట్టె, కంది కట్టె, మొక్కజొన్న బెండ్లు, ఊక. వీటిని గుళికలుగా చేసి బొగ్గుతో కలిపి థర్మల్ కేంద్రాల్లో కాల్చాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులో విధానం ప్రకటించింది. 2023 జూన్‌లో దాన్ని సవరించి, బొగ్గులో 5 శాతం బయోమాస్ గుళికలు 2024-25 నుంచి, 7 శాతం 2025-26 నుంచి కలపాలంది. దీని వెనక ‘సమర్థ్’ పేరుతో ఒక జాతీయ మిషన్ నడుస్తోంది. తొలి ప్రయోగం ఎన్టీపీసీ వాళ్లు 2017లో ఢిల్లీ పక్కన ఉన్న దాద్రీ కేంద్రంలో చేశారు. పంజాబ్, హర్యానాల్లో కొయ్యకాళ్లు తగలబెట్టిన పొగ ఢిల్లీని కమ్మేయడం ఈ ఆలోచనకు మూలం. అక్కడి పొగ కోసం పుట్టిన ఆలోచన దేశమంతటికీ నిబంధనైంది, అందులో రామగుండమూ ఉంది.

ముందు ఈ 5 శాతం అంటే ఎంతో చూద్దాం. రామగుండంలో ఎన్టీపీసీ పాత కేంద్రం 2,600 మెగావాట్లు. దాని పక్కనే తెలంగాణ కోసం కట్టిన కొత్త కేంద్రం 1,600. రెండూ కలిపి 4,200 మెగావాట్లు ఏడాదిలో 70 శాతం సామర్థ్యంతో నడుస్తాయనుకుందాం. యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు వేసుకుంటే ఏడాదికి 1.8 కోట్ల టన్నులు. అందులో 5 శాతం అంటే 9 లక్షల టన్నుల గుళికలు. హార్వెస్టరు కోసిన మడిలో యంత్రంతో ఏరితే ఎకరానికి ఒక టన్ను, కాస్త ఎక్కువో తక్కువో, గడ్డి చేతికొస్తుంది. పెద్దపల్లి జిల్లాలో ఒక పంటకాలంలో వరి సుమారు రెండు లక్షల ఎకరాలు. వానకాలం, యాసంగి రెండింటి గడ్డీ ఒక్క పోచ మిగలకుండా ఊడ్చినా నాలుగు లక్షల టన్నులే. మిగతాది కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల పొలాల నుంచి రావాలి, లేదా పాత ఆదిలాబాద్ నల్లరేగళ్ల పత్తి కట్టె రావాలి. పదిహేను టన్నుల లారీలైతే ఏడాదికి అరవై వేల లోడ్లు. అంటే రోజుకు నూట అరవైకి పైగా లారీలు రాజీవ్ రహదారి మీదికి కొత్తగా వచ్చి చేరతాయి. ఇది నా ఉజ్జాయింపు లెక్క. కాగితం, పెన్సిలు ఉన్న ఎవరైనా వేసుకోవచ్చు. అయినా ఇలాంటి లెక్క ఒకటి వేయకుండా శాతాలు ప్రకటించడం మనవాళ్లకు అలవాటే.

గడ్డిని గడ్డిగా బాయిలర్‌లో వేయడం కుదరదు. బొగ్గును పిండి చేసే మిల్లులు రాయిలాంటి సరుకు కోసం చేసినవి, పీచును అవి నలగ్గొట్టలేవు. పైగా వరిగడ్డిలో పొటాషియం, క్లోరిన్, సిలికా దండిగా ఉంటాయి. వీటి బూడిద తక్కువ వేడికే కరిగి బాయిలర్ గొట్టాలకు అట్టకడుతుంది. క్లోరిన్ లోహాన్ని తినేస్తుంది. అందుకే గడ్డిని ఎండబెట్టి, పొడి చేసి, ఒత్తిడితో వేలిమందం గుళికలుగా చేస్తారు. ఇంకా మెరుగైన రకం కావాలంటే గాలి తగలకుండా 200 నుంచి 300 డిగ్రీల వేడిలో ఉంచుతారు. మూకుట్లో గింజలు దోరగా వేయించినట్టే ఇది. తేమ పోతుంది, పీచు పెళుసవుతుంది, రంగు గోధుమ నుంచి నలుపుకు తిరుగుతుంది, మిల్లులో బొగ్గులాగే పొడి అవుతుంది. మామూలు గుళిక కిలోకు మూడు నుంచి నాలుగు వేల కిలోకేలరీల వేడినిస్తుంది. మన విద్యుత్ కేంద్రాలు కాల్చే బొగ్గు కూడా అంతకంటే మరీ పైన ఏమీ ఉండదు.

ఒక టన్ను గడ్డి బయోడేటా

బయోమాస్‌ను సమర్థించేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. గడ్డి కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ మొన్నటి పంటకాలంలో గాలిలోంచి తీసుకున్నదే, వచ్చే పంట మళ్లీ తీసుకుంటుంది. బొగ్గులోని కార్బన్ మాత్రం పాతిక ముప్పై కోట్ల ఏళ్ల కిందట నేలలో కూరుకుపోయింది, దాన్ని మనం కొత్తగా గాలిలోకి వదులుతున్నాం. కాబట్టి గడ్డి లెక్క సున్నా.

సున్నా కాదు గానీ, చెడ్డ లెక్క కూడా కాదు. ఒక టన్ను గుళికలు సుమారు 850 కిలోల బొగ్గుకు బదులవుతాయి. ఆ బొగ్గు కాలితే వచ్చేది సుమారు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఇది జమ. ఇక ఖర్చులు రాద్దాం. మడిలో గడ్డిని మోపులు కట్టే ట్రాక్టరు డీజిల్‌కు పది కిలోలు. గుళికలు చేసే యంత్రానికి టన్నుకు వంద యూనిట్ల కరెంటు, దేశపు గ్రిడ్ సగటున యూనిట్‌కు 0.7 కిలోల చొప్పున డెబ్బై కిలోలు. వంద కిలోమీటర్ల లారీ ప్రయాణం, ఖాళీగా తిరిగి రావడంతో సహా, మరో పది. గడ్డితోపాటు పొలం విడిచిపోయిన నత్రజనికి బదులు వేయవలసిన యూరియా తయారీకి ముప్పై. అంతా కలిపి నూట ఇరవై. 1,400లో నూట ఇరవై పోతే తొంభై శాతం లాభం నిలుస్తోంది. లారీ డీజిల్ తాగేస్తుంది కాబట్టి బయోమాస్ మోసం అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. రవాణాలో పోయేది డబ్బే ఎక్కువ, కార్బన్ తక్కువ.

యూరియా సంగతి కొంచెం విప్పి చూడాలి, ఎందుకంటే ఇక్కడ కథ రామగుండం ప్రహరీల మధ్యే తిరుగుతుంది. ఒక టన్ను వరిగడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 15 నుంచి 25 కిలోల పొటాషియం ఉంటాయి. ఎరువుగా లెక్కిస్తే ఆ నత్రజని విలువ సుమారు పదిహేను కిలోల యూరియా. దాన్ని తయారుచేసే కర్మాగారం ఎన్టీపీసీకి కూతవేటు దూరంలోనే ఉంది. ఒకప్పుడు అది సింగరేణి బొగ్గును గ్యాసు చేసి యూరియా తీసిన ఎఫ్‌సీఐ (ఫర్టిలైజర్ కార్పొరేషన్). 1999లో మూతపడి, సహజ వాయువుతో నడిచే ఆర్‌ఎఫ్‌సీఎల్‌గా 2021లో మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టింది. కాబట్టి నత్రజని ఏదోలా తిరిగొస్తుంది. పొటాషియం తిరిగి రాదు. గడ్డి బాయిలర్‌లో కాలాక ఆ పొటాషియం బొగ్గు బూడిదలో కలిసి కుందనపల్లి వైపు బూడిద చెరువులోకి పోతుంది. ఇరవై పాళ్లలో పందొమ్మిది పాళ్లకు పైగా బొగ్గు బూడిదైన ఆ మిశ్రమాన్ని రైతు పొలంలో చల్లుకోలేడు. మన దేశం వాడే పొటాష్ ఎరువు దాదాపు అంతా దిగుమతే. ఏడాదికి తొమ్మిది లక్షల టన్నుల గడ్డి ఊళ్లు దాటితే, తక్కువలో తక్కువ 13 వేల టన్నుల పొటాషియం పొలాల నుంచి బూడిద చెరువుకు బదిలీ అయినట్టు. ఈ అంకె ఏ కార్బన్ సర్టిఫికెట్‌లోనూ కనిపించదు. కార్బన్ పుస్తకంలో పొటాష్‌కు పద్దు ఉండదు మరి.

లేకపోతే ఏమయ్యేది?

పైన వేసిన లెక్కంతా ఒక ఊహ మీద నిలబడి ఉంది. ఆ గడ్డికి వేరే గతి లేదని, ఎవరికీ అక్కరలేక పడి ఉందని అనుకున్నాం. ఒక జీవ ఇంధన ప్రాజెక్టు మంచిచెడ్డలు కొలవడంలో అసలు చిక్కంతా ఇక్కడే. ప్రాజెక్టు వచ్చాక ఏం జరిగిందన్నది కళ్లకు కనబడుతుంది, కాంటా మీద తూగుతుంది. ప్రాజెక్టు రాకపోతే ఏం జరిగేదన్నది ఎవరికీ కనబడదు. లాభమంటే ఈ రెండింటి మధ్య తేడా కదా.

సుల్తానాబాద్ దగ్గర ఒక మడిలోకి వెళ్లి చూస్తే ఈ ‘లేకపోతే’ ఒకటి కాదని తెలుస్తుంది. చేత్తో కోసిన వరి అయితే గడ్డి నిలువుగా, మెత్తగా ఉంటుంది. కల్లంలో నూర్చాక అది వాములోకి చేరి బర్రెల మేతవుతుంది. ఒక్క పోచ వృథా కాదు. హార్వెస్టరు కోసిన మడిలో గడ్డి ముక్కలై, నలిగి, యంత్రం నడిచిన వరుసల్లో పడి ఉంటుంది, దాని కింద మోకాటి ఎత్తు కొయ్యకాళ్లు. మంచు పడి తడిస్తే పశువు మూతి పెట్టదు. యాసంగి నాట్లకు తొందరగా ఉన్న రైతు అగ్గిపుల్ల గీస్తాడు. పక్క మడి రైతు నీళ్లు పెట్టి రోటవేటరుతో కలియదున్నిస్తాడు. ఇంకొకరు మోపులు కట్టే యంత్రాన్ని పిలిపించి పాడి రైతులకు అమ్ముకుంటారు.

ఒకే టన్ను గడ్డికి ఈ మూడు మడుల్లో మూడు విలువలు. తగలబెట్టే మడి నుంచి తెస్తే కార్బన్ లాభానికి తోడు పొగ కూడా తప్పుతుంది. ఆ పొగలోని సన్నటి నుసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి ఆ లాభం ఊరిదే. నీళ్లలో కలియదున్నే మడిది ఇంకా తమాషా. గాలి ఆడని బురదలో కుళ్లే గడ్డి మీథేన్ వదులుతుంది, వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఇరవై ఏడు రెట్లకు పైగా వేడెక్కించే వాయువు. గడ్డి తీసేస్తే వాతావరణానికి మేలే, కానీ నేలకు చేరవలసిన సేంద్రియ కర్బనం తగ్గుతుంది. రెండిట్లో ఏది ముఖ్యమో వాతావరణ శాస్త్రవేత్త ఒకటి చెబుతాడు, భూసార పరీక్షా కేంద్రం వాళ్లు ఇంకొకటి చెబుతారు. ఇక బర్రెల నోటి దగ్గరి గడ్డిని తెస్తే లాభం సంగతి దేవుడెరుగు, మేత ధర పెరిగి రెండు బర్రెలతో పాలు పోసుకునే ఇల్లు నష్టపోతుంది. పంజాబ్‌లో కోతకూ గోధుమ విత్తుకూ మధ్య వ్యవధి రెండు మూడు వారాలే కాబట్టి, అక్కడ ‘లేకపోతే కాల్చేసేవారే’ అనడం చాలామటుకు నిజం. ఆ ఊహను యథాతథంగా పెద్దపల్లికి తెచ్చి అతికించడం నాకు సబబుగా తోచదు.

ఊక దగ్గరికి వస్తే ఈ ముడి ఇంకా బిగుస్తుంది. ఉప్పుడు బియ్యం మిల్లులు తమ బాయిలర్లకు ఊకే వాడుకుంటాయి. ఇటుక బట్టీలూ వాడతాయి. పెద్దపల్లి చుట్టూ ఒడిశా నుంచి వలస వచ్చిన కూలీలతో నడిచే బట్టీలు ఎన్నున్నాయో రైల్లోంచి చూసినా లెక్కపెట్టవచ్చు. ఒక విద్యుత్ ప్లాంటు వచ్చి ఎక్కువ ధరకు ఊక కొనేస్తే, బట్టీవాడు మరి దేనితో కాలుస్తాడు? ఈ ప్రాంతంలో చవగ్గా దొరికేది ఒక్కటే, బొగ్గు. ప్లాంటు పుస్తకంలో బొగ్గు తగ్గుతుంది, బట్టీలో పెరుగుతుంది. గాలికి ఈ తేడా తెలియదు.

ఇది ఊహాగానమేమీ కాదు. 2000ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేడు మెగావాట్ల బయోమాస్ ప్లాంట్లు వరసగా వెలిశాయి, వాటిలో చాలావరకు క్యోటో ఒప్పందం కింద ‘స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం’లో నమోదై కార్బన్ క్రెడిట్లు అమ్ముకున్నాయి. అంతవరకు మిల్లు వెనక కుప్పలుగా పడి ఉన్న ఊకకు ధర వచ్చింది, ఆ ధర ప్లాంట్లనే కొరికింది. కొన్ని కాలం తీరకముందే చతికిలబడ్డాయి. క్రెడిట్ల నిబంధనల్లో ఈ ప్రమాదానికి ఒక అడ్డుకట్ట ఉండేది. ఆ ప్రాంతంలో దొరికే బయోమాస్, ప్రాజెక్టుతో కలిపి అందరూ వాడుకునే దానికంటే కనీసం 25 శాతం ఎక్కువ ఉందని చూపించాలి. మంచి నిబంధనే. ఎటొచ్చీ ఆ సర్వే చేయించేది ప్రాజెక్టు పెట్టేవాడే, చేసేది వాడు డబ్బిచ్చిన కన్సల్టెంటే. ఇంకో విచిత్రం, బయోమాస్ ప్లాంటు అంటే పూర్తిగా బయోమాసే కాల్చాలని లేదు. కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ 2012 నిబంధనలు 2017 మార్చి వరకు, వేడి విలువలో 15 శాతం దాకా బొగ్గులాంటి శిలాజ ఇంధనం వాడుకోనిచ్చాయి. వానాకాలంలో ఊక తడిసినప్పుడు ప్లాంటు ఆగకూడదు కదా అన్నది సమర్థన. అదీ నిజమే.

పవర్‌గూడ 147 టన్నులు

బొగ్గు బెల్టుకు ఉత్తరపు కొసన, ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో పవర్‌గూడ అనే ఆదివాసీ గూడెం ఉంది. జీవ ఇంధనాల కొలత గురించి రాసేవాళ్లు ఆ గూడేన్ని తలవకుండా ఉండరు. 2003లో అక్కడి మహిళా సంఘాలు 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన క్రెడిట్లను ప్రపంచ బ్యాంకుకు అమ్మాయి. వచ్చిన సొమ్ము 645 డాలర్లు, అప్పటి మారకంలో ముప్పై వేల రూపాయలకు కాస్త తక్కువ. వాషింగ్టన్‌లో జరిపిన ఒక అంతర్జాతీయ సదస్సు వల్ల గాలిలోకి పోయిన కార్బన్‌కు బదులుగా బ్యాంకు వీటిని కొనుక్కుంది. విమానాలెక్కి వచ్చినవాళ్ల పొగకు పవర్‌గూడ ఆడవాళ్లు కానుగ మొక్కలతో చెల్లు రాశారన్నమాట.

147 ఎక్కడి నుంచి వచ్చింది? నాటిన కానుగ చెట్ల నుంచి పదేళ్లలో 51 టన్నుల నూనె వస్తుందని, అది అంత డీజిల్‌కు బదులవుతుందని అంచనా కట్టారు. నూనెలోని కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌లోకి మారిస్తే 147 టన్నులు. లెక్క నీటుగా ఉంది. అందులో లేనిది చూడండి. కానుగ గింజ గానుగాడితే నూనె పావు వంతుకు కాస్త పైన, మిగిలిన ముప్పాతిక పిండి. నూటికి నాలుగు పాళ్ల నత్రజని ఉన్న ఆ పిండి పొలానికి ఎరువు. అంటే నూనె కంటే రైతుకు దక్కే లాభం పిండిలో ఎక్కువ ఉండొచ్చు, అది 147లో లేదు. గింజలు ఏరి, ఎండబెట్టి, కాయ కొట్టే పనిలో ఆడవాళ్ల గంటలెన్నో కూడా అందులో లేదు. కానుగ కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది, ఆలోపు ఎవరు నీళ్లు పోస్తారన్నదీ లేదు. అయినా పవర్‌గూడను నేను తక్కువ చేయను. చిన్న అంకె అయినా ఎవరి చేతికి డబ్బు వెళ్లిందో స్పష్టంగా ఉంది. ఆ తర్వాత వచ్చిన కోట్ల ఎకరాల పథకాల్లో అంతమాత్రం స్పష్టత కూడా లేదు.

ఆ పథకాల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. అదే 2003లో ప్రణాళికా సంఘం కమిటీ, కోటి హెక్టార్లకు పైగా భూమిలో జట్రోఫా వేసి డీజిల్‌లో 20 శాతం కలపవచ్చంది. 2009 విధానం గడువును 2017కు జరిపింది. 2018 విధానం లక్ష్యాన్నే 5 శాతానికి దించి 2030కి పంపింది. ఎండిన నేలలో జట్రోఫా దిగుబడి కాగితం మీద రాసినంత రాలేదు. కాగితం మీద ‘బంజరు’ అని రాసిన నేల నిజానికి ఖాళీగా లేదు, అక్కడ మేకలు మేసేవి, కట్టెలు ఏరేవారు, అసైన్డ్ పట్టాల మీద జొన్న వేసుకునేవారు. భూమి ఖాళీగా ఉందని ఎవరు చెప్పారన్నది కూడా కొలతలో భాగమే.

సింగరేణిలో ఈ ప్రశ్న ఇంకో రూపంలో రాబోతోంది. ఓపెన్‌కాస్టుల పక్కన పోసిన మట్టిగుట్టల మీద కంపెనీ ఏళ్లుగా మొక్కలు పెంచుతోంది. వాటి మీద ఇంధనం కోసం వెదురో కానుగో పెంచితే తిండి పంటకు పోటీ ఉండదు, అడవి నరకనక్కరలేదు. కానుగ గాలిలోని నత్రజనిని వేళ్లలో పట్టుకునే జాతి కాబట్టి సారం లేని ఆ గుట్టల మట్టికి మంచిదే. నాకు నచ్చిన ఆలోచన ఇది. ఒక్క మాట మాత్రం లెక్కలో రాయాలి. ఆ గుట్ట కింద ఒకప్పుడు ఊరుండేది, పొలాలుండేవి. గని మూసివేశాక ఆ నేల మీద హక్కు కంపెనీదా, అటవీ శాఖదా, నిర్వాసితులదా అన్నది తేలకుండా పెంచిన తోటను ‘సుస్థిరం’ అని రాస్తే ఆ పదానికి అర్థం లేదు.

ఇరవై నాలుగు ప్రశ్నలు

ఇలాంటివన్నీ ఒక పద్ధతిలో అడగడానికి ప్రపంచంలో ఒక ప్రయత్నం జరిగింది. 2005లో స్కాట్లండ్‌లోని గ్లెన్‌ఈగిల్స్‌లో జి-8 దేశాలు సమావేశమైనప్పుడు తీర్మానించిన ‘ప్రపంచ జీవ ఇంధన భాగస్వామ్యం’, రోమ్‌లోని ఆహార వ్యవసాయ సంస్థ కేంద్రంగా పనిచేస్తూ, 2011లో 24 సూచికలు ప్రకటించింది. ఎనిమిది పర్యావరణానివి, ఎనిమిది సమాజానివి, ఎనిమిది ఆర్థికానివి. మొదటిది ఊహించినట్టే గ్రీన్‌హౌస్ వాయువులు. ఆ తర్వాత నేల సారం, నీళ్లు, జీవ వైవిధ్యం. సమాజానివి చూస్తే కొంచెం ఆశ్చర్యం కలుగుతుంది. భూమి ఎవరి పేరు మీద ఉంది, తిండి ధర పెరిగిందా, కూలి పెరిగిందా, ఎన్ని ఉద్యోగాలు, పనిలో ఎంతమందికి దెబ్బలు తగిలాయి, కట్టెల కోసం ఆడవాళ్లు, పిల్లలు జీతం లేకుండా గడిపే గంటలు తగ్గాయా, ఇంట్లో పొగ వల్ల వచ్చే జబ్బులు తగ్గాయా. కొలంబియా, ఇండోనేషియా, కెన్యా, ఇథియోపియా, వియత్నాం వంటి దేశాల్లో వీటిని వాడి చూశారు. ప్రతిచోటా ఎదురైన ఇబ్బంది ఒకటే, ప్రశ్నకు తగ్గ డేటా లేదు. ఉన్న డేటా దేశానికో రాష్ట్రానికో సగటు, ఊరికి లేదు.

ఈ ప్రశ్నల్లో కట్టెల గంటల గురించి అడిగేది వంట గ్యాసు పథకాలకు బాగా నప్పుతుంది. కర్ణాటకలో తెలుగు మాట్లాడే బాగేపల్లి ప్రాంతంలో 5,500 కూలి ఇళ్లకు రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టే ప్రాజెక్టు 2005లో క్రెడిట్ల కోసం నమోదైంది. అక్కడ క్రెడిట్ వచ్చేది తగ్గిన కట్టెలకు, కిరసనాయిలుకు. ఆ ఇంటి ఆడమనిషికి తగ్గిన పొగ, మిగిలిన పొద్దు క్రెడిట్‌లో లేవు, ఆ ఇంట్లో అడిగితే మాత్రం ముందు చెప్పేవి అవే.

గుళికల విషయంలో నేను ముందు పెట్టే ప్రశ్న ఆదాయానిది. గడ్డికి డబ్బిస్తే ఎవరికిస్తారు? పెద్దపల్లి జిల్లాలో చాలా పొలం కౌలులో సాగవుతుంది. రైతుబంధు సొమ్ము పట్టాదారుకే వెళ్లింది, కౌలు రైతుకు వెళ్లలేదు. గడ్డి సొమ్ము కూడా పట్టా చూసి ఇస్తే అదే జరుగుతుంది. అసలు చాలాచోట్ల గడ్డి సొమ్ము రైతుదాకా రాదు. మోపులు కట్టే యంత్రం ఉన్నవాడు ‘మడి శుభ్రం చేసిపెడతా’ అని ఉచితంగా తీసుకుపోతాడు, అమ్ముకునేది అతనే. సూచికలో ‘గ్రామీణ ఆదాయం పెరిగింది’ అని నిజాయతీగానే రాయవచ్చు. మండలంలో నాలుగు యంత్రాల యజమానుల ఆదాయం పెరిగితే సగటు పెరుగుతుంది మరి.

ఉద్యోగాల లెక్కా అంతే. గుళికల యూనిట్లలో కొలువులు వస్తాయని చెబుతారు, వస్తాయి కూడా. కానీ అవి ఏడాది పొడుగునా ఉంటాయా, గడ్డి దొరికే మూడు నెలలేనా? గడ్డి పొడిలో పనిచేసేవాళ్లకు మాస్కులు, ఈఎస్ఐ ఉన్నాయా? గనిలో దుమ్ముకు, గాలి ఆడడానికి, పై కప్పుకు చట్టం ఉంది, తనిఖీ చేసే గనుల భద్రతా డైరెక్టరేట్ (డీజీఎంఎస్) ఉంది. ఊరి చివర రేకుల షెడ్డులో గుళికలు ఒత్తే మనిషిని అంత శ్రద్ధగా చూసే వ్యవస్థ లేదు. బొగ్గు బెల్టులో అందరికీ తెలిసిన తేడా ఇది. పర్మినెంట్ కార్మికుడికి ఒక లెక్క, కాంట్రాక్టు కార్మికుడికి ఇంకో లెక్క.

ఇరవై నాలుగూ కొలిచే స్తోమత మన జిల్లాలకు లేదు. కొలవనక్కరలేదు కూడా. రామగుండం వరకు ఆరు చాలనిపిస్తుంది. ఊరివారీగా గడ్డి ఇప్పుడు ఎటు పోతోంది, పాడి రైతు కొనే మేత ధర ఎంత, ఎంపిక చేసిన మడుల్లో సేంద్రియ కర్బనం, పొటాష్ ఎంత, గడ్డి సొమ్ము ఎవరి ఖాతాలో పడుతోంది, షెడ్డుల్లో పనిచేసేవాళ్ల ఆరోగ్యం, కూలి. ఆరోది చుట్టుపక్కల బట్టీలు, మిల్లులు ఏం కాలుస్తున్నాయన్నది. వీటికి ఉపగ్రహాలు అక్కరలేదు. వ్యవసాయ విస్తరణ అధికారులు ప్రతి క్లస్టర్‌లో పంట నమోదు చేస్తూనే ఉన్నారు, భూసార పరీక్ష కార్డులు ఉన్నాయి, పశువుల లెక్క ఐదేళ్లకోసారి తీస్తారు. వీటిని ఒక చోటికి తెచ్చేవాళ్లే లేరు.

ఇందులో వాయిదా వేయలేనిది ఒక్కటే. గుళికల కొనుగోలు పెద్ద ఎత్తున మొదలయ్యాక, దానికి ముందు ఏమి ఉండేదో ఎవరూ కొలవలేరు. జిల్లా వ్యవసాయ శాఖ వానకాలం కోతల్లోనే, మండలానికి కొన్ని ఊళ్లు ఎంచుకుని, గడ్డి ఎంత కాలింది, ఎంత దున్నారు, ఎంత వాముకు చేరింది అన్నది నమోదు చేయాలి. గుళికలు కొనే సంస్థలు ఆ పట్టికను టెండరు పత్రాలతోపాటు తెలుగులో, గ్రామసభ ముందు పెట్టాలి. పెట్టకపోతే అడగండి. ఐదు శాతం పూర్తిగా కలిపిన రోజున కూడా రామగుండంలో కాలేది తొంభై ఐదు పాళ్లు బొగ్గే, దాని లెక్క కూడా అదే సభలో అడగవచ్చు.